సరిజోడుతో ఆట

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆటలు ఎందుకులే అనుకునే రోజుల్లో, 1962లో యూనిస్ కెనెడీ ష్రైవర్ అమెరికాలోని మేరీలాండ్‌లో తన ఇంటి ఆవరణలోనే వారికి వేసవి శిబిరం పెట్టారు. ఆరేళ్లకు, 1968 జులైలో, షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో సుమారు వెయ్యి మందితో తొలి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. భారతదేశంలో ఈ ఆటలు నిర్వహించే బాధ్యత స్పెషల్ ఒలింపిక్స్ భారత్ అనే సంస్థది.

ఈ ఆటల్లో అన్నిటికన్నా మెచ్చదగింది జోడీ కుదిర్చే పద్ధతి. ముందుగా ఒక ప్రాథమిక పరుగు పెడతారు. వయసు చూస్తారు, ఆడపిల్లలను, మగపిల్లలను వేరు చేస్తారు, పట్టిన సమయాన్ని బట్టి దగ్గరదగ్గరగా ఉన్నవారిని ఒక వరుసలో నిలబెడతారు. నూరు మీటర్లకు ఇరవై సెకన్లు పట్టే పిల్లాడు నలభై సెకన్లు పట్టేవాడితో తలపడడు. ఎవరు గెలుస్తారో చివరిదాకా తేలదు. పెద్దలు జాలిపడి కావాలని ఓడిపోతే ఆ ఉత్కంఠ రాదు, అది పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది కూడా.

స్పెషల్ ఒలింపిక్స్‌లోనే యూనిఫైడ్ స్పోర్ట్స్ అనే విభాగంలో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే జట్టులో ఆడతారు. అందులో చురుకైనవాడు బంతిని తన దగ్గరే అట్టేపెట్టుకుంటే ఆ జట్టు పేరుకే ఉమ్మడిది.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి బోచ్చా అనే ఆట ఉంది. 1984 నుంచి పారాలింపిక్స్‌లోనూ ఆడుతున్నారు. తెల్లబంతికి వీలైనంత దగ్గరగా ఒకరు ఆరు ఎర్రబంతులు, మరొకరు ఆరు నీలిబంతులు పంపాలి. చేతితో విసరలేనివారు వాలుగా ఉండే ర్యాంపు మీదుగా దొర్లిస్తారు. ర్యాంపును జరిపే సహాయకులు కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. గురి ఎటో, ఎంత ఎత్తునుంచి వదలాలో నిర్ణయం పూర్తిగా ఆటగాడిదే. పిల్లల తరఫున అన్నీ తామే చేసేసే పెద్దలు ఈ ఒక్క నియమాన్ని ఇంట్లోనూ పాటిస్తే ఎంతో మేలు.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. అందరూ అంతదూరం వెళ్లనక్కర్లేదు. సాయంత్రం ఒళ్లు చెమట పట్టేలా ఆడి, ఇద్దరు స్నేహితులను సంపాదించుకున్నా చాలు. వికలాంగులు ఆటల్లో పాల్గొనేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. పీఈటీ మాస్టార్లు ఆటల పీరియడ్‌లో ఈ పిల్లలను తరగతి గదిలో వదిలేయకుండా మైదానానికి తీసుకురావాలి.