నేలమాళిగ ఆటలో పటం ఎవరు గీయాలి?

విజ్ఞాన పత్రికలో కంప్యూటరు ఆటపై విమర్శ ఏమిటని ఉపాధ్యాయులలో కొందరికి తోచవచ్చును. కాని గ్రాఫు కాగితమూ పెన్సిలూ దగ్గర లేనిదే ముందుకు సాగడం కష్టమైన ఆట ఒకటి ఉన్నదంటే, దానిని పరీక్షించి చూడటం మన పనే అవుతుంది.

అది 1981లో అమెరికాలో ఆపిల్ టూ కంప్యూటరు కొరకు వెలువడిన ‘విజార్డ్రీ’. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీనిని పాస్కల్ భాషలో వ్రాశారు. కథ చిన్నది. వెర్డ్నా అనే మాయావి ఒక తాయెత్తును దొంగిలించి, పది అంతస్తుల నేలమాళిగ అడుగున దాగినాడు. ఆటగాడు ఆరుగురు సాహసికులను కూర్చుకుని, దిగివెళ్ళి దానిని తేవాలి. ‘ఆండ్రూ’ పేరును ఇంగ్లీషు అక్షరాలలో తిరగవేస్తే వచ్చినదే ‘వెర్డ్నా’ అన్నది.

తెరపై కనిపించేవి కొద్దిపాటి గీతలు మాత్రమే: ఎదుట గోడ, పక్కన తలుపు. పైనుంచి చూచే పటం లేదు. ప్రతి అంతస్తూ 20 × 20, అనగా 400 గళ్ళు. గడికి నాలుగు వైపులు. ఒక్కొక్క వైపు ఖాళీ, గోడ, తలుపు, రహస్యపు తలుపు అనే నాలుగింటిలో ఏదో ఒకటి. నాలుగింటిలో ఒకదానిని గుర్తించడానికి రెండు బిట్లు చాలును గనుక, 400 × 4 × 2 = 3,200 బిట్లు, అంటే 400 బైట్లలో ఒక అంతస్తు గోడలన్నీ ఇమిడిపోతాయి. నేటి కంప్యూటర్లలో ఈ వ్యాసంలోని ఒకటి రెండు వాక్యాలకే అంత చోటు పడుతుంది.

ఇంత చిన్న చిట్టడవిలో మనిషి ఎట్లా దారి తప్పుతాడు? కొన్ని అంతస్తులలో తూర్పు అంచు దాటినవాడు పడమటి అంచున తేలుతాడు. ఉత్తరపు అంచు దాటితే దక్షిణాన ఉంటాడు. భూమి కూడా గుండ్రమే గదా అని విద్యార్థి అనవచ్చును. కాని భూగోళంపై ఉత్తర ధ్రువం దాటినవాడు అవతలి పక్కకు దిగుతాడే గాని, దక్షిణ ధ్రువం దగ్గర తేలడు. కాబట్టి ఇది గోళం కాదు. కాగితాన్ని గొట్టంగా చుట్టి, ఆ గొట్టపు రెండు కొసలను కలిపితే గాజు ఆకారం వస్తుంది. ఆ అంతస్తు ఆకారం అదే. ఈ సంగతి ఆట ఎక్కడా చెప్పదు. గీసిన దారి కాగితం దాటిపోయినప్పుడు మనమే ఊహించుకోవాలి.

మరికొన్ని గళ్ళు మనిషిని తెలియకుండానే వేరొక దిక్కుకు తిప్పివేస్తాయి. అప్పుడు పటంలో గోడమీద గోడ పడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెదకవలసి వస్తుంది. సహాయానికి ‘డుమాపిక్’ అనే మంత్రం ఉన్నది. మెట్ల నుంచి తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, లోతుకు ఎంత అని మూడు కొలతలు చెబుతుంది. మూలబిందువూ అక్షాలూ ఇంత అవసరంగా తోచే పాఠం మన తరగతులలో అరుదు.

గుణాలతోపాటు దోషమూ చెప్పాలి. ‘మలోర్’ అనే మంత్రంతో కోరిన గడికి ఎగిరిపోవచ్చును. కొలత తప్పి రాతిలోకి పోతే జట్టంతా నాశనం. ఇది కఠినమే గాని అన్యాయం కాదు. తప్పు మన లెక్కలోనే ఉన్నది. కాని చనిపోయినవానిని గుడిలో బ్రతికించడం పాచికల ఆట వంటిది. ఒకసారి విఫలమైతే అతడు బూడిద, మరొకసారి విఫలమైతే శాశ్వతంగా లేడు. ఇక్కడ జాగ్రత్త గలవాడూ, లేనివాడూ ఒకటే. వెదికితే కారణం దొరికే ఓటమి నేర్పుతుంది, దొరకనిది విసిగిస్తుంది. గంటల శ్రమను ఇట్లా తుడిచివేయడాన్ని ‘పాతకాలపు నిక్కచ్చితనం’ అని పొగడేవారితో నేను ఏకీభవించలేను.

2024లో డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ ఈ ఆటనే కొత్త బొమ్మలతో వెలువరించింది. అసలు ఆపిల్ తెరను కూడా ఒక మూల చూపించడం మెచ్చదగిన పని. అయితే నడిచిన దారిని ఆటే పటంగా గీసిపెడుతుంది. ఇది మరొక కొసకు పోవడం. పాచికల కాఠిన్యం తగ్గితే ఆట పోదు. పటం గీసే పని పోతే ఆటలో సగం పోతుంది. 2007లో జపానులో వచ్చిన ‘ఎట్రియన్ ఒడిస్సీ’ ఈ రహస్యాన్ని గ్రహించి, నింటెండో డీఎస్ తెరపై గోడలు గీసే పనిని ఆటగాని చేతికే ఇచ్చింది.

కంప్యూటరు లేని పాఠశాలలో కూడా ఈ పాఠం చెప్పవచ్చును. ఉపాధ్యాయుడు 20 × 20 గళ్ళలో ఒక చిట్టడవిని రహస్యంగా గీసి, అంచులను కలిపి, ఒక్కొక్క అడుగు మాత్రమే వర్ణించాలి. విద్యార్థులు పటం గీయాలి. కాగితం చాలనప్పుడు వారు ఏమంటారో వినాలి. “పటం తప్పు” అని ఒకడు, “మన ఊహ తప్పు” అని ఇంకొకడు అంటే, ఆనాటి తరగతి సఫలమైనట్లే.