ఇస్సా కవితయందు కషివబర గ్రామము

జపాను దేశమున షినానో మండలమునందు కురోహిమె యను నగ్నిపర్వతము గలదు. 2053 మీటర్ల యెత్తుగల యీ పర్వతము పేరునకు నల్లరాకుమారి యని యర్థము. దాని పాదమున, పూర్వ మా కొండ క్రక్కిన బూడిదచే నల్లనైన నేలమీఁద, కషివబర యను చిన్న యూరున్నది. అది పూర్వము ఉత్తర సముద్రతీరమునకుఁ బోవు రాజమార్గమునఁ బథికుల మజిలీ. నేఁడు షినానో పట్టణమున నొక భాగము. హైకూ కవులలో బషో, బూసన్‌ల సరసన నెన్నఁబడు కోబయాషి ఇస్సా 1763లో నీ యూర రైతుకుటుంబమునఁ బుట్టెను.

ఇస్సా పిచ్చుకలకును, కప్పలకును, ఈఁగలకును జుట్టమనియు, పల్లెను ముద్దాడిన సాధుకవి యనియు లోకమున నొక యభిప్రాయము స్థిరపడినది. ఇందు సత్యము లేకపోలేదు. కాని కషివబరను గూర్చిన యతని పద్యములను జదివినవారి కీ యభిప్రాయము చాలదు.

మూఁడవయేఁట నతనికిఁ దల్లి పోయెను. సవతితల్లితోఁ బొసఁగమిచేఁ బదునైదవయేఁటఁ దండ్రి యతనిని ఎదో నగరమునకుఁ బంపివేసెను. 1801లోఁ దండ్రి మరణించుచు నాస్తిని కొడుకు లిరువురును సమముగఁ బంచుకొనవలయునని కోరెను. సవతితల్లియు నామె కుమారుఁడును అందుల కొడఁబడలేదు. తగవు 1813లోఁ గాని తీఱలేదు. తీఱినపిదప నొక్కయింటినే నడుమ నడ్డుగోడ పెట్టి యన్నదమ్ములు చెఱిసగముగఁ బంచుకొనిరి.

తగవు తీఱుటకుఁ గొంచెము ముందు, 1812 చివర నూరు చేరినపుడు చెప్పిన హైకూ ప్రసిద్ధము. అందు రెండే విషయములు గలవు: హిమము ఐదడుగులన్న కొలత, తుదినివాసమును గూర్చిన ప్రశ్న. కొలత రైతు మాట. ప్రశ్న చిరకాలము తిరిగిన బాటసారి మాట. స్వగ్రామము చేరితినన్న సంతోషము గాని, దూషణ గాని పైకిఁ గానరాదు. వాచ్యమున స్వభావోక్తి, వ్యంగ్యమున నిర్వేదము. రాజధానిలోని కవులకు హిమము చూచి యానందించు వస్తువు. కషివబరలో నది యింటికప్పులపై భారము, దారులకు మూఁత. హైకూకు నియతమైన ఋతుపదము ఇచట నలంకారము గాక జీవనభార మగుచున్నది.

కవి చరిత్రను పద్యమున కంటగట్టుట తగదని కొంద ఱనవచ్చును. అమరుకుని ముక్తక మొక్కొక్కటి ప్రబంధమువలె రసము నొలుకునని యానందవర్ధనుఁడు మెచ్చినపుడు అమరుకుని జీవితము నడుగలేదు గదా! నిజమే. కాని ముక్తకమునకు నాలుగు పాదములు గలవు. హైకూకుఁ బదునేడక్షరముల ప్రమాణమే. చెప్పని దానిలోఁ గొంత పాఠకుఁడు ముందే యెఱిఁగియుండవలయును. ఇస్సాయే తన గద్యమున నా యెఱుక నిచ్చెను. 1819 సంవత్సరపు గాథయై, కవి మరణానంతరము 1852లో నచ్చుపడిన 'ఒరగహరు'లో గద్యపద్యములు కలసియున్నవి. అందుఁ బసిబిడ్డ సతో మశూచిచేఁ బోయిన ఘట్టమున బౌద్ధుల యనిత్యతాసిద్ధాంతము నంగీకరించియు, వెంటనే యొక్క చిన్నమాటతో నా యంగీకారమును సడలించును. గద్యము తీసివేసినచో నా సడలింపు వేదాంతముగనే మిగులును. గద్యముతోఁ జదివినచో నది కన్నతండ్రి యెదురుమాట.

ఇస్సా రచించిన హైకూలు సుమా రిరువదివేలు. అన్నియు నిట్టివి కావు. అల్పప్రాణులపై జాలి యనేకస్థలములఁ జర్వితచర్వణమై, యలవాటుగా దిగజాఱినది. బాలకవి యన్న పేరు తెచ్చినవి తఱచుగా నీ తేలిక పద్యములే. వీనినిబట్టి కవిని నిర్ణయించుట యన్యాయము.

1827లో గ్రామమును దహించిన యగ్నికి ఇస్సా యిల్లు నాహుతి యయ్యెను. మిగిలిన మట్టిగోడల కొట్టులోఁ గాపురముండి, యా శీతకాలముననే యతఁడు మరణించెను. ఆ కొట్టు నేఁటికిని నిలిచియున్నది. అతఁ డూరిని ముద్దాడె ననుటకంటె, ఊరితోఁ దగవాడి గెలిచియు, గెలిచినది సగ మిల్లే యని యెఱిఁగియు, దానిని విడువలేకపోయె ననుటయే యతని పద్యముల కనుగుణము.