కన్యాశుల్కము: సౌజన్యారావుగారి పరీక్ష

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892వ సంవత్సరము ఆగష్టు 13వ తేదీని విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే తొలుత ప్రదర్శింపబడెను. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించిరి. లెక్క 1,034. అందు ఏడాది ప్రాయపు పసికందులు ముగ్గురు; వారి వెల 350 మొదలు 400 రూపాయల వరకు. పిల్లనమ్ముకొన్న తండ్రి ఇట్టి పట్టికను చదువడు. నాటకమునకు మాత్రము వచ్చును. వచ్చి అగ్నిహోత్రావధానులను చూచి నవ్వును.

ఇది యందరు నెరిగినదే. పిల్లల నమ్మువారిని వెక్కిరించుట సంస్కారప్రియులకు సులభము. కవి యంతటితో నూరకుండలేదు. వేశ్యల మొగము చూడనని నియమము పూనిన సౌజన్యారావుపంతులను, నాటకమున కెల్ల సత్పురుషుని, కడపటి యంకమున మధురవాణి కెదుట నిలిపెను. ఆమె పురుషవేషమున వచ్చును. లుబ్ధావధానులపై మోపబడిన ఖూనీనేరము అబద్ధమని తేల్చుటకు తోడ్పడ వచ్చినది ఆమెయే. ఆయన మర్యాదగా మాటలాడును. వృత్తి తెలిసిన పిమ్మటనో? మనిషి ఆమెయే, మాట యదియే. మారినది ఆయన చూపు. రామప్పంతులును, గిరీశమును ఆమె గడప త్రొక్కినవారే. వారి పెద్దరికమునకు లోటు రాలేదు, మైలయంతయు ఆమెకే. తుదకు ఆయన నియమభంగమునకు సిద్ధపడగా, ఆపినదియు ఆమెయే!

కచేరీలోనో, బడిలోనో తోటివానిని కులమునుబట్టియు, చేయు పనినిబట్టియు చులకన చేయువారందరు దుర్మార్గులు కారు. పలుమారు వారు సౌజన్యారావులే. అట్టివారికి ఉపన్యాసము పనికిరాదు. వారే ఉపన్యాసకులు గదా.

బ్రెజిలు దేశపు నాటకకర్త అగస్టో బోవాల్ 1970 దశకమున, ప్రేక్షకులను రంగముమీదికి పిలిచి, పీడితుని స్థానమున నిలిచి కథను మార్చి చూపుడని కోరెను. మంచి పద్ధతియే. అప్పారావుగారు ప్రేక్షకుని లేపలేదు, కూర్చున్నచోటనే పట్టుకొనిరి.

1909 నాటి రెండవకూర్పున నాటకము మిక్కిలి పెరిగెను. మధురవాణి పెరిగినదియు అందే గనుక సంతోషమే. కాని నిడివి విషయమున నాకును అసంతృప్తి కలదు. పోలీసుల బేరములును, దొంగసాక్ష్యపు మంతనములును సాగుచునే యుండును. ఒక్క రాత్రిలో ఆడవలసినవారు కుదింపక తప్పదు. గిరీశము కోతలలో కొన్ని కోసినను నష్టము లేదు. సౌజన్యారావు తడబాటును కోసినచో, సభలోని పెద్దమనుష్యులు ఇతరులను చూచి నవ్వి, నిశ్చింతగా ఇంటికి పోవుదురు.