మే నెల, తాండూరు, తలమీద అర కిలో

ఇంట్లో ఆడుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కొత్తది వస్తోందంటే చాలు, సమీక్షకులంతా ముందు అడిగేది రిజల్యూషన్ ఎంత అని. కంటికి ఎన్ని పిక్సెళ్లు, చిప్ ఏది, సెకనుకు ఎన్ని ఫ్రేములు? తప్పు పట్టాల్సిన ప్రశ్నలేమీ కావు. కానీ పాత లెక్కలు ఒకసారి ముందు పెట్టుకుంటే అసలు సంగతి తేలుతుంది. 2016 మార్చిలో ఆక్యులస్ రిఫ్ట్ మార్కెట్లోకి వచ్చినప్పుడు కంటికి 1080 బై 1200 పిక్సెళ్లు, బరువు 470 గ్రాములు. 2023 అక్టోబరులో వచ్చిన మెటా క్వెస్ట్ 3లో కంటికి 2064 బై 2208, బరువు 515 గ్రాములు. ఏడేళ్లలో పిక్సెళ్లు మూడున్నర రెట్లయ్యాయి, తలమీద మోత తగ్గకపోగా ఇంకో 45 గ్రాములు పెరిగింది. పాత రిఫ్ట్‌కు పక్కన ఖరీదైన కంప్యూటర్, దానికో పొడవాటి వైరు కావాలి. క్వెస్ట్‌లో కంప్యూటరూ బ్యాటరీ లోపలే ఇమిడిపోయాయి కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆ న్యాయాన్యాయాలు మెడకు పట్టవు. వచ్చే తరం హెడ్‌సెట్ మీద నాకున్న ఆశ పిక్సెళ్ల మీద కాదు. వికారాబాద్, తాండూరు లాంటి ఊళ్లలో నలుగురున్న మామూలు ఇంట్లో, మామూలు రోజున, దాన్ని పెట్టుకుని ఓ గంట ఆడగలగాలి. ఇంత చిన్న కోరిక ఇంకా ఎందుకు తీరలేదన్నదే ఈ వారం మాట.

ముందు ఎండ సంగతి. మూడున్నర వేల డాలర్ల యాపిల్ విజన్ ప్రో వివరాల పట్టికలో, దాన్ని వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉంది. మన బడులకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. పిల్లలు ఇంటిపట్టున ఉండి, బయట ఆడలేక, లోపల ఆటలకు ఎగబడేది ఆ రోజుల్లోనే. వికారాబాద్ కాస్త ఎత్తున ఉంది, అనంతగిరి గాలి తగులుతుంది, సాయంత్రానికి ఊపిరి ఆడుతుంది. తాండూరులో మే నెల మధ్యాహ్నం 40 దాటడం వింతేమీ కాదు; రాతి మిద్దె ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా 30 డిగ్రీలన్నది కలలో మాటే. అంటే ఆట ఎక్కువగా కావాల్సిన నెలన్నరలోనే యంత్రం తన హద్దు దాటిన చోట ఉంటుంది. వేడెక్కితే ఏమవుతుంది? చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు జారిపోతాయి. టీవీలో ఫ్రేము జారితే బొమ్మ ఆగినట్టు ఉంటుంది, విసుక్కుని ఊరుకుంటాం. హెడ్‌సెట్‌లో అలా కుదరదు. మనం తల తిప్పిన క్షణానికీ, కంటి ముందు దృశ్యం తిరిగిన క్షణానికీ మధ్య తేడా 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో పాత లెక్క. అది దాటితే చెవిలోని సమతూకం ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకొకటి చెబుతాయి, కడుపులో తిప్పుతుంది. వీఆర్ పడదని ఒక్కసారి వాడి పక్కన పెట్టేసినవాళ్లలో కొందరికైనా పడనిది వీఆర్ కాదు, గదిలోని వేడి. అందుకే చల్లదనం సౌకర్యాల జాబితాలో చేర్చే విషయం కాదు, ఆట నాణ్యతలో భాగం అంటాను.

వేడి పుట్టించే సరంజామాను ముఖం మీంచి దించడం దీనికి మొదటి మందు. యాపిల్ మొదటినుంచీ బ్యాటరీని వైరుతో జేబులోకి పంపింది. 2025 నవంబరులో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్‌లో బ్యాటరీ తల వెనక పట్టీలో ఉంది, మొత్తం బరువు 440 గ్రాములు. ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. 2025 అక్టోబరులో యాపిల్ తన కొత్త పట్టీ వెనక భాగంలో టంగ్‌స్టన్ అమర్చి, హెడ్‌సెట్ బరువును 750 గ్రాముల పైకి తీసుకుపోయింది. ముందుకు లాగే మోతను సరిచేయడానికి కావాలనే వెనక మోత పెంచారన్నమాట. మెడకు బరువు కన్నా ఒకవైపు లాగడమే ఎక్కువ బాధ అని ఆ ఇంజినీర్లకు తెలిసింది. మంచిదే. కానీ టంగ్‌స్టన్ బదులు అక్కడ బ్యాటరీనే పెట్టొచ్చుగా అని సామాన్యుడు అడిగితే ఏం చెబుతారో మరి.

ఇక ఇల్లు. నిలబడి ఆడే ఆటలకు రెండు మీటర్లకు రెండు మీటర్ల ఖాళీ జాగా కావాలని మెటా సూచన. తాండూరు బండలు పరిచిన ఇంట్లో దీన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు. రెండడుగుల బండలైతే అటు మూడుంపావు, ఇటు మూడుంపావు. ముందు గదిలో దివాన్, టీవీ స్టాండు, కూలర్, మూలన బియ్యం బస్తా పోగా అన్ని బండలు ఖాళీగా మిగిలే ఇళ్లు ఎన్ని? హెడ్‌సెట్ మీదున్న కెమెరాలు గదిలోని అంచులు, మూలలు గుర్తుపట్టి మనం ఎక్కడున్నామో లెక్కగడతాయి. ఆ పనికి బండల మధ్య గీతలు మంచి గుర్తులే. తెల్లటి ఖాళీ గోడ, నిలువుటద్దం, నిగనిగలాడే టైల్సుతోనే వాటికి తంటా. కరెంటు పోతే ఇంకో చిక్కు. హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, గది చీకటై కెమెరాలకు మాత్రం దారి తెలియదు. 2024లో వచ్చిన చవక రకం క్వెస్ట్ 3ఎస్‌లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టి దీన్ని కొంత తీర్చారు. ఖరీదైనదాని కన్నా చవకదానిలో మనకు పనికొచ్చే గుణం ముందు రావడం నాకు ముచ్చటేసింది. దుమ్ము విషయంలో మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాపరాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ తిరిగే లారీలు ఉన్న ఊరు తాండూరు. హెడ్‌సెట్‌లోని చిన్న ఫ్యాను ఆ గాలినే లోపలికి పీలుస్తుంది. కటకాలు ప్లాస్టిక్‌వి, రాతిపొడి పడ్డ కటకాన్ని కండువా కొసతో తుడిస్తే గీతలు పడతాయి, ఆ గీతలు పోవు. ఫోన్లకు దుమ్ము, నీటి రక్షణ రేటింగ్ ఇచ్చి గొప్పగా చెప్పుకునే కంపెనీలు ముఖానికి పెట్టుకునే యంత్రానికి అది ఎందుకు ఇవ్వరు?

ఆట దగ్గరికి వద్దాం. ఈ యంత్రంతో మన పిల్లలు ఏమాడతారు? అనంతగిరి కొండల పక్కన ఉన్నవాడికి కళ్లద్దాల్లో అడవి చూపిస్తామంటే నవ్వుతాడు. క్రికెట్ అంటే వింటాడు. హైదరాబాద్‌కు చెందిన ప్రోయుగ సంస్థ చేసిన ‘ఐబీ క్రికెట్’ ఈ రంగంలో మనవాళ్ల చేతి పని. హెడ్‌సెట్ల నిజమైన పరీక్ష కూడా ఇక్కడే ఉంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. బౌలర్ చెయ్యి విడిచిన చోటి నుంచి బ్యాటు దాకా 18 మీటర్లనుకుంటే చేతిలో ఉన్నది అర సెకను లోపే. 72 హెర్ట్జ్ తెరమీద ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ నడుమ ఆ బంతి అర మీటరుకు పైగా ముందుకు దూకుతుంది. 120 హెర్ట్జ్ అయితే ఒక అడుగు. కాబట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములన్న సమీక్షకుల ప్రశ్నకు ఇక్కడ నేనూ తల ఊపుతాను. అయితే అంతకన్నా ముదిరిన జబ్బు ఇంకోటుంది. బ్యాటర్ చెయ్యి చూడండి. బంతి రాకముందే బ్యాటు వెనక్కి, భుజం పైకి లేస్తుంది. కెమెరాలేమో ముఖం మీద, ముందువైపు ఉన్నాయి. చెయ్యి భుజం వెనక్కి వెళ్లగానే వాటి చూపుకు అందదు. కంట్రోలర్‌లోని కదలిక సెన్సర్లు ఆ కాసేపు అంచనా వేసి నెట్టుకొస్తాయి. చెయ్యి మళ్లీ ముందుకు వచ్చేసరికి బ్యాటు ఉండాల్సిన చోటు నుంచి కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది, కవర్ డ్రైవ్ అనుకున్నది ఎడ్జ్ అవుతుంది. 2022 అక్టోబరులో వచ్చిన క్వెస్ట్ ప్రో కంట్రోలర్లకు సొంత కెమెరాలు ఇచ్చి ఈ జబ్బు కుదిర్చారు. తరవాతి సంవత్సరం ఇళ్ల కోసం చేసిన క్వెస్ట్ 3కి మాత్రం ఇవ్వలేదు, ధర పెరుగుతుందని కాబోలు. పైగా కంట్రోలర్ వంద గ్రాముల పైచిలుకు, నిజం బ్యాటు కిలో పైమాట. వచ్చే తరంలో కంటికి ఇంకో వెయ్యి పిక్సెళ్లు ఇస్తారా, వెనక్కి ఎత్తిన చేతిని గుర్తుపట్టే కంట్రోలర్ ఇస్తారా అని అడిగితే, నేను రెండోదే కోరుకుంటాను.

ఇప్పటి హెడ్‌సెట్‌లో నాకు కనిపించే పెద్ద లోపం అది ఒక్క తల కోసం తయారవడం. రెండు కనుపాపల మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి కటకాలు జరుపుకోవచ్చు. క్వెస్ట్ 2లోనూ, చవక క్వెస్ట్ 3ఎస్‌లోనూ మూడు మెట్లే, మన కళ్లు ఆ మెట్ల మధ్య పడితే మసక. కళ్లద్దాలున్నవాళ్ల కోసం లోపల బిగించే పవర్ కటకాలు దొరుకుతాయి, అవి ఒకరికి పనికొస్తే ఇంకొకరికి అడ్డం. ముఖానికి ఆనే స్పాంజి చెమట పీల్చుకుంటుంది. 2021లో క్వెస్ట్ 2 స్పాంజి వల్ల చర్మం మండుతోందన్న ఫిర్యాదులతో అమెరికాలో దాదాపు 40 లక్షల స్పాంజిలను వెనక్కి పిలిచి, పైన సిలికాన్ తొడుగు ఇవ్వాల్సి వచ్చింది. చల్లటి దేశాల్లోనే అలా అయితే, అన్నదమ్ములిద్దరూ, బాబాయి కొడుకూ, పక్కింటి పిల్లాడూ ఒకరి తరవాత ఒకరు పెట్టుకునే మన ఇంట్లో, వేసవిలో, దాన్ని ఎలా ఉతకాలి? నాకు కావాల్సింది ఒక్క లాగుతో ఊడివచ్చి, కుళాయి కింద కడిగి, దండెం మీద ఆరేసుకోగల తొడుగు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. కంది రైతు ఊళ్లో ఈ ఖరీదైన బొమ్మల ముచ్చటేమిటని. సరైన ప్రశ్న, లెక్క చూద్దాం. 2024లో వచ్చినప్పుడు క్వెస్ట్ 3ఎస్ అమెరికా ధర 299 డాలర్లు, అంటే మన పన్నులు కలపకముందే పాతికవేలకు పైన. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. మూడు క్వింటాళ్ల పైచిలుకు తాండూరు కందులు పోస్తే ఒక చవక హెడ్‌సెట్. ఒక్కడి సరదాకు అయితే ఇది దుబారానే. అయితే ఈ ప్రాంతంలో ఖరీదైన తెర ఎప్పుడూ ఒక్కడిది కాలేదు. 1980లలో వీసీఆర్, కలర్ టీవీ కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, వాడంతా కూర్చుని తెల్లారేదాకా మూడు సినిమాలు చూసిన కాలం మన పెద్దలకు గుర్తే. కొనగలిగినవాళ్లు తక్కువ, చూసినవాళ్లు ఎక్కువ. హెడ్‌సెట్ కూడా మన చిన్న పట్టణాలకు రావాల్సింది ఆ దారినే అని నా నమ్మకం: అద్దెకు, బడికి, లైబ్రరీకి, వీధి చివర గేమింగ్ సెంటర్‌కు. అప్పుడే పైన చెప్పిన తొడుగులు, చక్రాలతో పాటు, ఒకరి నుంచి ఇంకొకరికి క్షణంలో మారే ఖాతాలు కూడా అవసరాలవుతాయి.

అంత ఖర్చెందుకు, ఫోన్ పెట్టుకునే అట్టపెట్టె చాలదా అనేవాళ్లూ ఉన్నారు. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్ ఆ ఆశ చూపింది, 2021లో గూగుల్ దాని అమ్మకం ఆపేసింది. 2023 ఐపీఎల్ సమయంలో 1,299 రూపాయలకు జియోడైవ్ వచ్చింది. మ్యాచ్ చూడటానికి బాగానే ఉంది. కానీ అలాంటి పెట్టెలు తల తిప్పడాన్నే గుర్తిస్తాయి, ఒక అడుగు ముందుకు వేస్తే గుర్తించవు. ఫ్రంట్ ఫుట్ వేయలేని క్రికెట్ ఆట కాదు, కూర్చుని చూసే వినోదం. చవకతనం కోసం ఆటను వదులుకోవాలంటే నేను ఒప్పుకోను.

పిల్లల కళ్ల గురించిన భయానికి మాత్రం నా దగ్గర తేలిక సమాధానం లేదు. ఇప్పటి హెడ్‌సెట్లలో బొమ్మ దగ్గరున్నట్టు కనిపించినా, కన్ను ఫోకస్ చేయాల్సింది ఎప్పుడూ ఒకే దూరంలో. ఆ దూరాన్ని కంటికి తగ్గట్టు మార్చే హాఫ్ డోమ్ అనే నమూనాను ఫేస్‌బుక్ 2018లోనే చూపింది, ఇంటి అల్మారాలోకి అది ఇంకా రాలేదు. మెటా 2023లో కనీస వయసును 13 నుంచి పదేళ్లకు దించింది. సోనీ మాత్రం 12 ఏళ్లలోపు వాళ్లు తన హెడ్‌సెట్ వాడొద్దంటోంది. రెండు కంపెనీలకు రెండు హద్దులున్నప్పుడు తల్లిదండ్రులు పెద్ద అంకెనే పట్టుకోవడం మేలు. పెట్టుకున్నవాడు ఒంటరివాడవుతాడు, మిగతావాళ్లు వాడి గంతులు చూస్తూ కూర్చుంటారన్న ఫిర్యాదు మాత్రం యంత్రం మీద కాదు, ఆటలు రాసేవాళ్ల మీద. ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ అనే ఆటలో ఒక్కడే హెడ్‌సెట్‌లో బాంబును చూస్తాడు. దాన్ని ఆపే పుస్తకం బయట కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటుంది, అంతా అరిచి చెప్పుకోవాలి. అరుపుల్లో మనకు సాటి ఎవరు? తెలుగులో అలాంటి ఆట ఒక్కటి రాస్తే నాయనమ్మ కూడా ఆడుతుంది.

కంపెనీలు మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మెటాలో ఈ యంత్రాలు చేసే విభాగం ఒక్క 2024లోనే 1,770 కోట్ల డాలర్ల నష్టం చూపింది. అంత డబ్బు పోసినా కడుక్కోదగ్గ తొడుగు మన ఇంటికి రాలేదంటే, దాన్ని మనమే చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి నమూనాల కేంద్రంలో తొడుగు, బరువున్న బ్యాటు పిడి, వెనక పట్టీ తయారుచేయడం అసాధ్యమైన పనులు కావు. చేసినవాళ్లు వాటిని మే నెలలో తాండూరు తెచ్చి పరీక్షించాలని నా మనవి. ఇక ఈ ఏడాది హెడ్‌సెట్ కొందామనుకుంటున్నవాళ్లకు ఒక మాట. వివరాల పట్టికలో రిజల్యూషన్ కన్నా ముందు ఆపరేటింగ్ టెంపరేచర్ అన్న వరుస వెతకండి. అక్కడ 30 అని ఉంటే, ధరకు ఏసీ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.