ఎలుగు వేటలో ఏ తుపాకీ?

కుక్కలతో ఎలుగు వేటకు ఏ తుపాకీ మంచిదంటే, అమెరికా వేటగాళ్లు చాలామంది పొట్టి గొట్టం రైఫిలే మేలంటారు. కుక్కలు తరిమితే నల్ల ఎలుగు చెట్టెక్కుతుంది. కాల్చే దూరం కొద్ది గజాలే. గురి తప్పిందా, గాయపడ్డ ఎలుగు ముందు చీల్చేది కుక్కల్నే!

విలియం ఫాక్నర్ ‘ది బేర్’ (1942) కథలో పతాక సన్నివేశం ఈ చిక్కు మీదే నిలిచింది. మిసిసిపీ అడవిలో తుపాకీ, గడియారం, దిక్సూచి వదిలేశాకే కుర్రాడు ఐక్‌కి ఓల్డ్ బెన్ అనే ఎలుగు కనిపిస్తుంది. చివరి వేటలో లయన్ అనే కుక్క దాని గొంతు పట్టి వేలాడుతుంది. ఇక తుపాకీ పేల్చేదెలా? ఆ కుక్కను ప్రాణంగా చూసుకునే బూన్, ఎలుగు వీపెక్కి కత్తితో పొడుస్తాడు. ఎలుగూ పోయింది, కుక్కా దక్కలేదు.

ఫాక్నర్ వాక్యాలు కొండవీటి చాంతాళ్లే! కాస్త ఓపిక పట్టండి. పెంచిన ప్రాణి మీది మమకారం ముందు ఎంత మంచి తుపాకీ అయినా దిగదుడుపేనని ఈ కథ మనసుకు పట్టిస్తుంది.