వాసాలు లెక్కపెట్టే పని

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు మన పెద్దలు. ఖతార్‌లో పాత ఊళ్ల చరిత్ర కూర్చేవాళ్లకి మాత్రం వాసాలు లెక్కపెట్టందే పని మొదలవదు. చేతికొచ్చిన ఫొటోలో ఓ మట్టిరంగు ఇల్లుంటుంది. గోడ పైభాగాన కర్రల కొసలు వరసగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ముందు వాటిని లెక్కేస్తారు. తర్వాత కర్రకీ కర్రకీ మధ్య ఎడం చూస్తారు. ఇల్లెంత పొడవు, గదులెన్ని, కలిగినవాళ్లదా కాదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

దీని వెనక ఓ లెక్క ఉంది. ఖతార్ తీరంలో కలప దొరకదు. గోడలకి రాయి సముద్రపొడ్డునే ఏరుకునేవాళ్లు, అందులో పగడపు రాయి కూడా ఉండేది. జిప్సం కాల్చి గచ్చు చేసుకునేవాళ్లు. కప్పుకి కర్ర మాత్రం తూర్పు ఆఫ్రికా నుంచి పడవల మీద రావాల్సిందే. అవి మడచెట్ల వాసాలు. ఖతార్‌వాళ్లు వాటిని దంచల్ అంటారు. ఆ కర్ర ఎంత పొడవుంటే గది వెడల్పు అంత, అంటే సుమారు 3 మీటర్లు. షావుకారు ఇంట్లో గదులు ఎక్కువ ఉండొచ్చు, పొడుగ్గా ఉండొచ్చు, వెడల్పు మాత్రం పెరగదు. వాసాల మీద చీల్చిన వెదురు, దాని మీద ఖర్జూరపాకు చాప, ఆపైన మట్టి. ఆ వెదురు మన దేశం నుంచి వెళ్లిందే. చాలా ఇళ్లలో వాసాల కొసలు కోయకుండా వదిలేసేవాళ్లు. కొలబద్ద లేకుండా తీసిన ఫొటోకి ఆ 3 మీటర్లే కొలబద్ద. దాన్ని పట్టుకుని గోడ ఎత్తు, సందు వెడల్పు, మసీదు ముంగిలి అన్నీ అంచనా కట్టొచ్చు.

దక్షిణాన ఉన్న అల్ వక్రా సంగతి తీసుకుందాం. దోహా నుంచి కారులో అరగంట కూడా పట్టని ఊరు. 2022 ప్రపంచ కప్పు పోటీలు టీవీలో చూసినవాళ్లకి అల్ జనూబ్ స్టేడియం గుర్తుండాలి, తెరచాపల పోలికతో జహా హదీద్ సంస్థ గీసిన కట్టడం. అది ఈ ఊళ్లోనే ఉంది. స్టేడియం 2019లో తెరిచారు. దానికి వందేళ్ల ముందు ఈ ఊరి బతుకంతా ముత్యాల వేట మీదే. బ్రిటిష్ ఇండియా అధికారి లోరిమర్ కూర్చగా 1908లో వెలువడిన గెజిటీర్ లెక్క ప్రకారం వక్రాలో సుమారు 8,000 మంది ఉండేవాళ్లు. దోహాలో 12,000. ఖతార్‌లో ఊళ్లు కట్టుకుని ఉన్న జనం మొత్తం కలిపి 27,000. అంటే వక్రా అప్పట్లో దోహాకి శివారు కాదు, దాదాపు పోటీ ఊరు. ఇవాళ దోహా దాకా ఇళ్లు కలిసిపోయాక ఆ మాట చెబితే నమ్మడం కష్టం. నమ్మించాలంటే ఫొటో చూపించాలి.

ఆ గెజిటీర్ అచ్చయింది కలకత్తాలో. గల్ఫ్ వ్యవహారాలు చూసింది లండన్‌కన్నా ముందు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే. ఖతార్‌లో చెలామణి అయింది కూడా మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు వేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాకే ఖతార్ దాన్ని వదిలేసింది. అందుకే ఖతార్ పాత కాగితాలు, ఫొటోలు లండన్‌లో ఇండియా ఆఫీసు రికార్డుల్లో చేరాయి. మన మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల కాగితాలున్న గూట్లోనే అవీ ఉన్నాయి. ఖతార్ ఫౌండేషన్, బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో వాటిని ఖతార్ డిజిటల్ లైబ్రరీగా అందరి ముందూ పెట్టాయి. కూర్చున్నచోటి నుంచి ఎవరైనా, ఉచితంగా, పెద్దది చేసి చూసుకోవచ్చు. నావరకు ఇంత పనికొచ్చే పని ఈమధ్య మరొకటి జరగలేదనిపిస్తుంది. మన జిల్లాలకి అలాంటిది లేదన్న అసూయ కూడా అందులో కొంత ఉంది.

ఫొటో చదివేటప్పుడు మొదటి ప్రశ్న అందులో ఏముందని కాదు. తీసినవాడు దేనికోసం తీశాడని. ఖతార్‌లో మనకి దొరికే తొలి ఫొటోలు జర్మన్ యాత్రికుడు హెర్మన్ బుర్ఖార్ట్ 1904లో దోహాలో తీసినవి. బస్రా నుంచి మస్కట్ దాకా తీరం వెంట సాగిన ప్రయాణంలో తీశాడు. సొంత డబ్బుతో తిరిగిన మనిషి, కుతూహలమే తప్ప వేరే పని లేనివాడు. అయిదేళ్ల తర్వాత యెమెన్‌లో హత్యకు గురయ్యాడు, ఫొటోలు బెర్లిన్ మ్యూజియంలో మిగిలాయి. అప్పటికి దోహాలో ఒట్టోమన్ సైనికులు ఉన్నారు. వాళ్లు ఖాళీ చేసింది 1915లో. కాబట్టి తేదీ లేని ఏ ఫొటోలోనైనా తుర్కీ జెండా కనిపిస్తే ఆ సంవత్సరానికి ఇవతలిది కాదని ఒక హద్దు దొరుకుతుంది.

1934లో తీసిన ఫొటోల దృష్టి వేరు. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలు ఖతార్ మీద ఎగిరి తీసినవి అవి. చమురు ఒప్పందం మీద బేరాలు జరుగుతున్న రోజులు, సంతకాలు మరుసటేడు పడ్డాయి. వాళ్లకి కావలసింది నేల తీరు, కోటలు, దిగడానికి అనువైన చోట్లు. ఊరు అందులో అనుకోకుండా పడింది. చరిత్రకారుడికి అలా అనుకోకుండా పడినదే బంగారం. ఫోజు పెట్టిన షేక్ కన్నా ఆయన వెనకున్న గోడ ఎక్కువ నిజం చెబుతుంది.

పైనుంచి తీసిన ఫొటోల్లో రెండు రకాలు. ఏటవాలుగా తీసిన దాంట్లో గోడలు, కిటికీలు కనిపిస్తాయి, కొలతలు తప్పుతాయి. నిట్టనిలువుగా తీసిన దాంట్లో కొలతలు సరిపోతాయి, ముఖాలు కనిపించవు. రెండూ కలిపి చూడాలి. 2012లో మొదలైన 'ఆరిజిన్స్ ఆఫ్ దోహా' ప్రాజెక్టులో పురావస్తు పరిశోధకుడు రాబర్ట్ కార్టర్ బృందం చేసింది ఇదే. 1947 నుంచి తీసిన విమాన ఫొటోలని వరసగా ఒకదానిమీద ఒకటి పరిచి, ఏ పేట ఎప్పుడు పుట్టింది, ఏ సందు ఎప్పుడు మూసుకుపోయింది అన్నది గీశారు. తర్వాత దోహా నడిబొడ్డున రద్వానీ ఇల్లు అనే పాత ఇంట్లో తవ్వి చూశారు. ఫొటో చెప్పేదాన్ని నేలతో సరిచూసుకున్నారన్నమాట.

ఇక పడవలు. ఈ తీరం ఫొటోల్లో కాలాన్ని చెప్పే గడియారం అవే. ముత్యాల పెద్ద వేట ఎండాకాలంలో, దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో ఒడ్డు ఖాళీగా, ఊరు మగవాళ్లు లేకుండా ఉంటుంది. చలికాలంలో పడవలన్నీ ఇసుక మీదకి లాగి ఉంటాయి. వాటి పొట్టకి కొవ్వూ సున్నమూ పూస్తుంటారు. ఫొటోలో ఒడ్డంతా పడవలతో నిండి ఉందంటే అది వేట లేని కాలం. ఇదే ఒడ్డు పదేళ్ల తర్వాతి ఫొటోలో, అదే కాలంలో, పడవలు లేకుండా కనిపిస్తే? జపాన్ పెంపుడు ముత్యాలు బజార్లోకి వచ్చేశాయి, 1929 ఆర్థిక మాంద్యంలో కొనేవాడు లేకుండా పోయాడు. ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. దుఖాన్‌లో తొలి బావి 1938లో మొదలుపెట్టినా యుద్ధం అడ్డొచ్చింది. వక్రాకి ఇంకా దక్షిణాన ఉమ్ సయీద్ రేవు నుంచి తొలి చమురు ఓడ కదిలింది 1949 డిసెంబరు 31న. ముత్యానికీ చమురుకీ మధ్య ఆకలితో గడిచిన ఆ రోజుల గురించి రాజపత్రాల్లో తక్కువ, ఖాళీ ఒడ్డు ఫొటోల్లో ఎక్కువ ఉంది.

నీళ్లలో కనిపించే గీతల్ని కూడా వదలకూడదు. తీరానికి దగ్గర్లో బాణం మొనలాంటి ఆకారాలు కనిపిస్తే అవి చేపల్ని చిక్కించే కంచెలు. పోటుతో లోపలికి వచ్చిన చేప ఆటుతో బయటికి పోలేదు. ఖర్జూరపు మట్టలతో కట్టిన దాన్ని హద్రా అంటారు, రాతితో కట్టింది మస్కర్. వాటిని పైనుంచి లెక్కపెట్టే పద్ధతి ఈ కాలానికీ పనికొచ్చింది. గూగుల్ ఎర్త్ చిత్రాల్లో గల్ఫ్ తీరమంతా ఇలాంటి కంచెల్ని లెక్కేసి 2005కి దాదాపు 1,900 ఉన్నాయని, వాటిలో పడే చేప ప్రభుత్వాలు చూపే లెక్కకి ఆరు రెట్ల దాకా ఉండొచ్చని ఇద్దరు శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇంత చేసినా ఫొటో మూగదే. మాట కావాలి. దీనికి మనవైపు మంచి పోలిక ఉంది. రెండు వందల ఏళ్ల కిందట సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కరణాలని, పెద్దల్ని అడిగి కైఫీయత్తులు రాయించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టారు, ఏ కరువులో ఊరు పాడుపడింది అన్నవి శాసనాలతో పాటు మనుషుల నోటినుంచి కూడా వచ్చాయి. గల్ఫ్‌లో ఆ పని మజ్లిస్‌లో జరుగుతుంది, మన రచ్చబండ లాంటి కూర్చునే గది. పెద్దల మధ్య ఫొటో పెడితే ముందు వచ్చేది సమాధానం కాదు, తగాదా. ఈ ఇల్లు ఫలానావాళ్లదని ఒకరంటారు, కాదు వాళ్ల బావమరిదిదని ఇంకొకరు. తగాదా ఎంత జరిగితే అంత మంచిది, పేర్లు, చుట్టరికాలు, అమ్మకాలు అన్నీ అందులోంచే రాలతాయి. ఒక్కరినే అడిగి రాసుకున్న వివరం మీద నాకు నమ్మకం తక్కువ.

ఆడవాళ్ల బతుకు ఈ ఫొటోల్లో బహు తక్కువ. 1959లో డెన్మార్క్ మానవశాస్త్రజ్ఞుడు క్లాస్ ఫెర్డినాండ్ ఖతార్ సంచార తెగల మధ్య పనిచేసినప్పుడు వెంట వెళ్లిన ఫొటోగ్రాఫర్ జెట్టె బాంగ్ ఒక మహిళ. అంతకుముందు గ్రీన్‌లాండ్ మంచులో ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నావిడ. గుడారాల దగ్గరి రోజువారీ పనులు ఆమె కెమెరాకి అందాయి. బెదూయిన్ల మీద ఫెర్డినాండ్ పుస్తకం 1993లో వచ్చింది. అప్పటికి ఆ బతుకే మారిపోయింది.

ఈ ఫొటోలు ఇప్పుడు ఏం చేస్తున్నాయన్నదాని మీద నాకు కొంత పేచీ ఉంది. పాత అమీరు భవనాన్ని బాగుచేసి 1975లో జాతీయ మ్యూజియంగా తెరిచారు, 1980లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఆ పని గౌరవంగా జరిగింది. దోహాలో సూక్ వాకిఫ్, వక్రాలో ఒడ్డున కట్టిన కొత్త సూక్ అలా కాదు. పాత రూపం చూసుకుని పాతగా కనిపించేలా కట్టిన బజార్లు అవి. సాయంత్రం షికారుకి బాగుంటాయి. వాసాల కొసలు కూడా తు.చ. తప్పకుండా దించారు. అసలు బజారులోని ఎండుచేపల వాసన, డొక్కు డబ్బాలు, అప్పుల పద్దులు మాత్రం ఎక్కడా కనిపించవు. దోహాలోని మ్షేరెబ్ పేటలో 2015లో తెరిచిన మ్యూజియంలు వీటికన్నా ధైర్యం చేశాయి. బిన్ జెల్మూద్ ఇల్లు బానిసత్వం గురించి దాచకుండా చెబుతుంది. కంపెనీ హౌస్ చమురు తొలి కూలీల గొంతులు వినిపిస్తుంది.

అయితే అదే మ్షేరెబ్ పేట కూల్చకముందు దశాబ్దాలపాటు దక్షిణాసియా పనివాళ్లతో కిటకిటలాడేది. వాళ్ల ఫొటోలు ఆ పేట చరిత్రలో భాగం. అవి ఎక్కడున్నాయి? నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ ఊళ్లలో, బీరువా కింది అరలో, పెళ్లి ఆల్బం చివర ఉన్నాయి. అధికారి తీసిన ఫొటో కింద దొరల పేర్లుంటాయి, కూలీలకి ఉండవు. ఇంటికి పంపిన ఫొటోలో పేరూ తెలుసు, ముఖమూ తెలుసు. తెలియనిది చోటూ సంవత్సరమూ.

వాటిని కనుక్కోవడం వాసాలు లెక్కపెట్టినంత కష్టం కాదు. దోహా సముద్రపొడ్డున నిలబడి తీయించుకున్న ఫొటో దాదాపు ప్రతి గల్ఫ్ ఇంట్లో ఉంటుంది. వెనక పిరమిడ్ ఆకారంలో ఒక్క షెరటాన్ హోటల్ మాత్రమే కనిపిస్తుంటే అది 1982 తర్వాతిది, గాజు మేడలు లేవంటే ఇంచుమించు 2000 లోపుదే. మేడల గుంపు మొదలైందంటే 2000 దాటింది. నీళ్ల మధ్య తెల్లటి ఇస్లామిక్ కళల మ్యూజియం కనిపిస్తే 2008 తర్వాతిది. రంగు ప్రింటు ఎర్రబారి ఉందా, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయా, వెనక స్టూడియో ముద్ర ఉందా అన్నది కూడా చూడాలి. కారు పక్కన ఫోజు పెడితే ముందు చూడాల్సింది నంబరు ప్లేటు, తర్వాత మోడల్. ఆ కారు ఎవరిదన్నది అడగక్కర్లేదు, ఫొటో తీయించుకున్నవాడిది కాదని అందరికీ తెలుసు.

ఇళ్లలో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఆల్బంలోంచి ఫొటోని బలవంతంగా పీకకూడదు. అంటుకుపోయి ఉంటే ఆల్బంతో సహా కాపీ తీయడం మేలు. ముందువైపే కాకుండా వెనకవైపు కూడా తీయాలి. వెనక రాయాల్సి వస్తే పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయాలి. తీసుకెళ్లి మనిషి ముందు పెట్టాక, నువ్వెక్కడున్నావు అన్న ప్రశ్న తర్వాత అడగొచ్చు. ముందు ఈ ఫొటో ఎవరు తీశారని అడగాలి. రూములో ఉన్న కేరళ ఆయనో, నేపాల్ కుర్రాడో, పక్క మంచం శ్రీలంక తమ్ముడో బయటికొస్తాడు. వాడి వెంట క్యాంపు పేరు, కంపెనీ పేరు, బస్సు వచ్చే వేళ, నెలకి ఎంత పంపేవాళ్లో ఆ లెక్క, అన్నీ వస్తాయి. చిన్న రికార్డరు అప్పటికే నడుస్తూ ఉండాలి.