పేర్లు పడుతుండగానే

బందరులోనో గుడివాడలోనో దెయ్యం సినిమాకి వెళ్తే మా వాళ్లు హాలు గుమ్మంలో అడిగేది ఒకటే: "పేర్లు పడిపోయాయా?" నాగాయలంక వైపు నుంచి బస్సు పట్టుకుని వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. పేర్లు పోతే పోయాయి, కథ దొరికింది గదా అనుకునేవాళ్లం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. భయాన్ని నాటేది అక్కడే. ఎవర్ని చూసి భయపడాలో చెప్పేదీ అక్కడే.

1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో'కి పేర్లు రూపొందించింది సాల్ బాస్. రక్తం లేదు, కత్తి లేదు. గీతలు దూసుకొస్తాయి, అక్షరాలు చీలి మళ్లీ అతుక్కుంటాయి, బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలు తరుముతాయి. లోపల చీలిపోయిన మనిషి కథ అని మనసుకి ముందే అందుతుంది. ఏ కులాన్నీ, ఏ తెగనీ వేలెత్తి చూపకుండా భయపెట్టడమంటే అదీ.

కూబ్రిక్ 'ది షైనింగ్' (1980) సంగతి వేరు. కొండదారిలో చిన్న పసుపు కారు పోతుంటుంది, కెమెరా పైనుంచి గద్దలా వెంటపడుతుంది. పేర్లు కింద నుంచి పైకి తేలతాయి. వెనక పాత చర్చి మరణగీతం వరస, మాటల్లేని గొంతుల కేకలు. కథలోని హోటలు ఆదివాసుల శ్మశానం మీద కట్టిందని సినిమాలో ఒక మాట వస్తుంది, అంతే. ఆ దారి మోంటానాలోని గ్లేసియర్ పార్కుది. పక్కనే బ్లాక్‌ఫీట్ తెగవాళ్ల రిజర్వేషన్. అటువైపు కొండలు 1895 ఒప్పందంతో వాళ్ల చేయి దాటిపోయాయి. ఇది తెలిశాక ఆ కేకలు మాకు వేరేగా వినిపించాయి. నేల పోగొట్టుకున్నవాళ్లు తెర మీద దెయ్యాలుగా మిగిలారు.

మన దగ్గర ముందు సిగరెట్ల హెచ్చరిక (సగం భయం దానితోనే). తర్వాత చాలా సినిమాల్లో అదే వరస: నిమ్మకాయలు, పసుపు కుంకాలు, సూదులు గుచ్చిన బొమ్మ, చీకటి అడవి, దూరంగా డప్పు. ఒకసారి మాతో వచ్చిన యానాది పిల్లాడు డప్పు వినగానే నవ్వాడు, కొలుపు అనుకుని. హాలంతా బిగుసుకుపోయింది. కాసేపటికి వాడూ బిగుసుకున్నాడు. వాడి పేట డప్పుకి వాడే భయపడటం నేర్చుకున్నాడు.

కార్తీక్ దండు 'విరూపాక్ష' (2023) ఇందుకు కొంత నయం. చేతబడి చేశారని ఒక జంటను ఊరివాళ్లు తగలబెట్టడంతో కథ ఎత్తుకుంటుంది. ఆ కాసేపు మమ్మల్ని వణికించింది మంత్రం కాదు, గుంపు. అయితే చస్తూ పెట్టిన శాపాన్ని కథ పట్టుకున్నాక గుంపు అనుమానానికే బలం వస్తుంది. అక్కడే మా పేచీ. ఎరుకలవాళ్లకి పేరు అడగకముందే దొంగ ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. పేర్లకంటే ముందు పడే ముద్ర ఎంత చేటో మనకి ఒకరు చెప్పాలా?

పంతుళ్లకి ఒక మాట. టైటిళ్లు చూపించి శబ్దం ఆపేయండి, పిల్లల్నే చప్పుడు చేయమనండి. మేము చేసి చూశాం. ఒక్కరూ డప్పు వేయలేదు. ఒకమ్మాయి పిడికిలి నోటికి పెట్టుకుని గాలి ఊదింది, సన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయింది. ఏమిటమ్మా అది అంటే, 1977 ఉప్పెన రాత్రి గాలి అలాగే మొదలైందట, వాళ్ల అమ్మమ్మ చెప్పిందట.